నర్సు కావాలి, మన ఇంటి బిడ్డ మాత్రం కాకూడదా?

ఏ ప్రసూతి ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడినా మన సముదాయం నోట ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: "లోపల ఆడవాళ్లే ఉంటారు కదా?" అలా అడిగే హక్కు మనకు ఉంది. ఆ ప్రశ్నలో హయా ఉంది, ధర్మం ఉంది, స్త్రీ గౌరవం ఉంది. దానిని వెక్కిరించే వారితో మాకు ఏకీభావం లేదు. అయితే అదే కుటుంబంలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కూతురు "నర్సింగ్ చదువుతాను" అంటే వచ్చే జవాబు కూడా మాకు తెలుసు. "మన ఇళ్లలో ఆ పని చేయరు." ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తున్నాయి. ఆ రెండు మాటల మధ్య ఉన్న అగాధంలో పడిపోతున్నది మన స్త్రీలే.

ప్రభుత్వాల వైఖరి ఇంతకంటే మెరుగ్గా లేదు. మైనారిటీ సంక్షేమం గురించి, మాతాశిశు ఆరోగ్యం గురించి వేర్వేరు వేదికల మీద వేర్వేరు ఉపన్యాసాలు ఇస్తారు. ఆ రెండూ కలిసే చోటు ప్రసవ గది అని ఎవరికీ గుర్తుండదు. అక్కడ ముస్లిం స్త్రీ రోగిగా కనిపిస్తుంది. సేవ చేసే స్థానంలో, నిర్ణయం తీసుకునే స్థానంలో ఆమె దాదాపు కనిపించదు.

మేము స్త్రీల ఆరోగ్య విభాగాల్లో పనిచేస్తున్న ముస్లిం నర్సులం. మాలో కొందరం మిడ్‌వైఫరీలో ఉన్నత శిక్షణ పొందిన వాళ్లం. ఇటు సముదాయంతోనూ, అటు పాలకులతోనూ మాకు తేల్చుకోవలసిన లెక్క ఉంది. ఆ లెక్కను ఇక్కడ దాపరికం లేకుండా చెప్పదలచాం.

ఈ వృత్తి ఏమిటి?

నర్సు అనగానే మనవాళ్ల కళ్ల ముందు కదిలే బొమ్మ ఒకటుంది. సూది వేసి, మంచం మీద దుప్పటి మార్చి, డాక్టరు వెనుక ట్రే పట్టుకుని నడిచే అమ్మాయి. ఆ పనుల్లోనూ చిన్నతనమేమీ లేదు. కానీ మేము మాట్లాడుతున్నది అంతకు మించిన బాధ్యత గురించి.

నర్సింగ్ పూర్తిచేసి, ఆపైన ప్రత్యేక శిక్షణ పొంది, తన పరిధిలో తానే పరీక్షించి, తానే నిర్ణయించి, ఫలితానికి తానే జవాబుదారీగా నిలిచే నర్సును నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ శిక్షణ తొలిసారి మొదలైంది. వైద్యులు అందని పేద ప్రాంతాలకు అనుభవం గల నర్సులను పంపాలన్న ఆలోచన నుంచి అది పుట్టింది. ఆ తరువాత అక్కడ స్త్రీ ఆరోగ్యమే ప్రత్యేక శాఖగా ఎదిగింది.

మన దేశంలో ఈ మార్గం ప్రసూతి సేవల ద్వారా తెరుచుకుంది. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో 30 మంది నర్సులతో మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభమైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇలాంటి ప్రయోగానికి పూనుకున్న ఘనత తెలంగాణది. మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో, కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. జీఎన్ఎం గాని, బీఎస్సీ నర్సింగ్ గాని పూర్తిచేసిన వారికి 18 నెలల శిక్షణ ఇచ్చి 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ'గా తీర్చిదిద్దాలనీ, ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో నడిచే ప్రత్యేక విభాగాలు నెలకొల్పాలనీ అందులో ఉంది.

ఆమె పని ఏమిటో తెలిస్తే ఆమె అవసరం అర్థమవుతుంది. గర్భిణికి నెలనెలా పరీక్షలు చేస్తుంది. రక్తపోటు పెరుగుతోందా, రక్తం తగ్గుతోందా, బిడ్డ ఎదుగుతోందా అని గమనిస్తుంది. నొప్పులు మొదలయ్యాక పార్టోగ్రాఫ్ అనే పట్టికలో కాన్పు పురోగతిని ఎప్పటికప్పుడు నమోదు చేస్తూ తల్లి పక్కనే ఉంటుంది. నడిపిస్తుంది, కూర్చోబెడుతుంది, నడుము నిమురుతుంది, భయం తీరుస్తుంది. సాధారణ కాన్పును తన చేతుల మీదుగా జరిపిస్తుంది. గీత దాటుతోందని కనిపించిన క్షణాన వైద్యురాలిని పిలుస్తుంది. కాన్పు తరువాత రక్తస్రావం ఆగిందో లేదో చూస్తుంది, బిడ్డకు పాలు పట్టడం నేర్పుతుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఎలా పాటించాలో భార్యాభర్తలకు వివరిస్తుంది.

స్త్రీ ఆరోగ్యం కాన్పుతో ముగిసిపోదు. బహిష్టు బాధలు, తెల్లబట్ట, గర్భస్రావం తరువాతి దిగులు, ముట్లుడిగే వయసులో వచ్చే ఇబ్బందులు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, ఇవన్నీ ఉన్నత శిక్షణ పొందిన నర్సు మొదటి మెట్టులోనే చూడగలిగినవి. ముఖద్వారం మీద ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబడిన భాగాన్ని గుర్తించే పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. అయినా 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమే. మిగతా 98 మంది ఎందుకు రాలేదు? పరీక్ష గదిలో ఎవరుంటారో తెలియక, అడగడానికి సిగ్గుపడి, ఏ బాధా లేకుండా ఆసుపత్రికి వెళ్లడమేమిటని ఇంట్లో అంటారని భయపడి. నమ్మకమైన స్త్రీ ఒకరు ఆ గదిలో ఉంటే ఈ కారణాల్లో సగం అక్కడికక్కడే తొలగిపోతాయి.

ఇది వైద్యులను తోసిపుచ్చే వాదన కాదు. ప్రమాదంలో ఉన్న తల్లికి శస్త్రవైద్యురాలి చేయి తప్పక కావాలి. అయితే ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2014లో వెలువరించిన నివేదిక ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పింది: అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు తల్లులకూ నవజాత శిశువులకూ అవసరమైన ప్రధాన సేవల్లో 87 శాతం అందించగలరు. వైద్యురాలి సమయం మిగిలిన కష్టమైన కాన్పులకు దక్కాలంటే ఈ 87 శాతం మోసే భుజాలు కావాలి.

కత్తి కింద మన రాష్ట్రాలు

ఆ భుజాలు లేనిచోట ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కరలేదు. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ సంఖ్య 81.5 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం, ప్రైవేటులో 63 శాతం. దేశ సగటు 21.5 శాతం. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటితే దానివల్ల తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

కోత ప్రాణం నిలిపిన సందర్భాలు మేము కళ్లారా చూశాం. ఆ వైద్యం మీద మాకు గౌరవం ఉంది. కానీ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లిన ప్రతి అయిదుగురు తల్లుల్లో నలుగురికి పైగా ప్రాణాపాయంలోనే ఉన్నారంటే నమ్మేదెవరు?

ముహూర్తాల పిచ్చి వల్లనే కోతలు పెరిగాయని పత్రికలు తరచుగా రాస్తాయి. ముహూర్తం చూడని ముస్లిం ఇళ్ల కోడళ్లు కూడా అదే బల్ల మీద పడుకుంటున్నారు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. కోత కాన్పుకు బిల్లు ఎక్కువ, పట్టే సమయం తక్కువ. సహజ కాన్పుకు పది పన్నెండు గంటలు పక్కన కూర్చునే మనిషి కావాలి, ఆ మనిషిని నియమించడం యాజమాన్యానికి ఖర్చు. నొప్పుల గురించి ముందుగా చెప్పి ధైర్యం నింపేవారు లేక తల్లే "కోసేయండి" అని వేడుకుంటుంది. బయట నిలబడిన భర్తకు "బిడ్డకు ప్రమాదం" అన్న ఒక్క మాట చెబితే చాలు, సంతకం పెట్టేస్తాడు. ఆ మాట నిజమో కాదో అడిగే జ్ఞానం గాని, ధైర్యం గాని ఆ క్షణంలో అతనికి ఎక్కడిది?

మన కుటుంబాలకు ఇందులో అదనపు ప్రమాదం ఉంది. మొదటి కాన్పు కోత అయితే రెండోదీ కోతే అవుతుందన్నది మన ఆసుపత్రుల్లో అలిఖిత శాసనం. మూడో బిడ్డను, నాలుగో బిడ్డను కోరుకునే తల్లికి కోత మీద కోత పడే కొద్దీ, మాయ పాత మచ్చలోకి చొచ్చుకుపోయి ఊడిరాకపోవడం, గర్భసంచి చిట్లడం, అదుపులేని రక్తస్రావం వంటి ముప్పులు పెరుగుతూ పోతాయి. అలా మొదటి కాన్పులో అనవసరంగా పడిన కోత ఆమె జీవితమంతటి మీదా, ఆమె కోరుకునే కుటుంబం మీదా గీసిన గీత అవుతుంది. ఇక ఆ బిల్లు కట్టడానికి తాకట్టు పెట్టిన నగలు, తెచ్చిన వడ్డీ అప్పులు వేరే కథ. వడ్డీ హరామ్ అని నమ్మే ఇళ్లు సైతం కాన్పు గది బయట వడ్డీకి తలవంచుతున్నాయి.

కోత కాన్పుతో ఆగడం లేదు. 2015–16 నాటి నాలుగవ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్టకూ, ఎక్కువ రక్తస్రావానికీ మందులతో చికిత్స ఉందని చెప్పేవారు మొదటి మెట్టు మీద లేకపోతే, చివరి మెట్టు మీద కత్తి ఎదురుచూస్తూ ఉంటుంది.

మనవాళ్లతో మా వాదం

ఇప్పుడు సముదాయం వైపు తిరుగుదాం. నర్సింగ్ వద్దనడానికి మన పెద్దలు చెప్పే కారణాలు మాకు కంఠతా వచ్చు. రాత్రి డ్యూటీలు. పరాయి మగవాళ్ల మధ్య పని. ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం. చివరగా అన్నింటికంటే బలమైనది: "సంబంధాలు రావు."

రాత్రి డ్యూటీ సంగతి. బిడ్డలు పగలే పుడతామని ఎవరికీ మాట ఇవ్వలేదు. మీ కోడలికి అర్ధరాత్రి నొప్పులు వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఒక స్త్రీ మేలుకుని ఉండాలని మీరు కోరుకుంటారు. ఆ స్త్రీ కూడా ఎవరో ఒకరి కూతురే. ఇతరుల కూతురు మేలుకుంటే అది సేవ, మన కూతురు మేలుకుంటే అది అప్రతిష్ఠ అనడం ఏ నీతి? ఆమె భద్రంగా వెళ్లి రావడానికి వాహనం కావాలని యాజమాన్యాన్ని నిలదీయండి, మేమూ మీతో వస్తాం. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడం భద్రతకు మార్గం కాదు.

పరాయి మగవాళ్ల మాట. స్త్రీ ఆరోగ్య విభాగంలో, అందులోనూ మిడ్‌వైఫ్‌లు నడిపే ప్రసవ విభాగంలో, రోజంతా స్త్రీల మధ్య గడిచే పని ఇది. మన షరతులకు ఇంత దగ్గరగా ఉన్న వృత్తి మరొకటి చూపించండి. ఐటీ కంపెనీలో, బ్యాంకు కౌంటర్‌లో ఉద్యోగానికి సంతోషంగా పంపుతున్న తల్లిదండ్రులు ప్రసవ గదికి పంపడానికి వెనుకాడుతున్నారంటే, అడ్డం వస్తున్నది పరదా కాదని తేలిపోతోంది. అడ్డం వస్తున్నది హోదా. చేతికి మురికి అంటే పనిని తక్కువ చూపు చూసే పాత కుల సంస్కారం కలిమా చదివిన మన ఇళ్లలోనూ తిష్ఠ వేసింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇష్టం లేక మతాన్ని అడ్డం పెట్టుకుంటున్నాం.

మన చరిత్ర మతం పేరుతో చెప్పే ఈ సాకును నిలవనీయదు. మదీనాలో రుఫైదా అస్లమియా (రజి) గుడారం వేసి గాయపడిన వారికి చికిత్స చేసేది. ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) మస్జిద్ ఆవరణలోని ఆమె గుడారంలోనే ఉంచమన్నారు. ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధ ప్రయాణాల్లో క్షతగాత్రులకు, రోగులకు సేవ చేసింది. హనఫీ ధర్మశాస్త్రవేత్తలు ప్రసవ విషయంలో ఒక్క మంత్రసాని సాక్ష్యాన్ని సైతం అంగీకరించారు. ఆమె జ్ఞానానికి వారిచ్చిన విలువ అది. వైద్యవిద్యను ఫర్జె కిఫాయాగా, అంటే కొందరైనా నెరవేర్చకపోతే సముదాయమంతా దోషి అయ్యే విధిగా, ఇమామ్ గజాలీ లెక్కించారు. ఊరంతా ఒకే విద్య వెంటపడి, వైద్యం నేర్చేవారు ముస్లింలలో లేకుండా పోయిన పట్టణాలను చూసి ఆయన తొమ్మిది వందల ఏళ్ల క్రితమే నిష్ఠూరమాడారు. ఈనాడు ఇంజనీరింగ్ కళాశాలల ముందు బారులు తీరిన మనల్ని చూస్తే ఏమనేవారో!

పక్క సముదాయాన్ని చూసి నేర్చుకోవడంలో తప్పు లేదు. 1883లో అమెరికా నుంచి గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ జెనానాల్లోని స్త్రీల అవసరాన్ని గుర్తించి వైద్యసేవ మొదలుపెట్టింది. మగ వైద్యుడికి చూపించుకోని స్త్రీల కోసమే అలాంటి ఆసుపత్రులు వెలిశాయి. అవి స్థానిక క్రైస్తవ బాలికలను నర్సులుగా తీర్చిదిద్దాయి. వారిలో ఎందరో పేదలు, దళితులు. సమాజం చిన్నచూపు చూసిన పనిని వారు చేతబట్టి, ఆ పనితోనే తమ కుటుంబాలను చదువుల వైపు నడిపించారు. కేరళ క్రైస్తవ నర్సులు గల్ఫ్ దేశాల ఆసుపత్రుల దాకా వెళ్లారు. మన ఇళ్ల మగవాళ్లు అదే గల్ఫ్‌లో జబ్బుపడితే వారి చేతి మందే తాగి కోలుకున్నారు. ఆ అవసరానికి మూలకారణమైన పరదా స్త్రీల సముదాయం మాత్రం నర్సులను తయారు చేసుకోవడంలో వెనుకబడిపోయింది.

హైదరాబాదులో మనకు వారసత్వం లేదా? తన సేవకురాలు ప్రసవంలో మరణించిన దుఃఖం నుంచి యువరాణి నీలోఫర్ సంకల్పించిన ఆసుపత్రి నేటికీ ఆమె పేరుతోనే లక్షలాది బిడ్డలను కాపాడుతోంది. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిని పాతబస్తీ జనం నేటికీ జజ్గీఖానా అనే పిలుచుకుంటారు. 1984లో మైనారిటీ వైద్య కళాశాల వచ్చినప్పుడు అందరం గర్వపడ్డాం. డాక్టర్ల కోసం అంత పట్టుదల చూపిన సముదాయం నర్సుల కోసం అందులో పదో వంతు చూపి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

పాలకులతో, యాజమాన్యాలతో మా వాదం

సముదాయం తలుపు తీసినంత మాత్రాన దారి సుగమం కాదు. అవతలి తలుపుకు వేసిన తాళాల గురించి కూడా చెప్పాలి.

మొదటి తాళం చదువుది. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో, దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం ఉండగా, రాష్ట్రాల ఆరోగ్య శాఖల ఉద్యోగాల్లో వారి వాటా 4.4 శాతంగా తేలింది. 2007 చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అది 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో కొనసాగుతోంది. దూదేకుల సోదరులు బీసీ–బిలో ఉన్నారు. కాగితం మీద సీటు ఉంది. కానీ ఉర్దూ మాధ్యమంలో చదివిన పేద బాలికకు సైన్సు గ్రూపు దొరకడమే కష్టం. దొరికినా నర్సింగ్ కళాశాలలో ఆంగ్ల పాఠాలు ఆమెను మొదటి ఏడాదే భయపెడతాయి. ఆ మధ్య దూరాన్ని దాటించే వంతెన గురించి ఏ శాఖా ఆలోచించలేదు.

రెండో తాళం దుస్తులది. తల మీద గుడ్డ తీస్తేనే చేరమని చెప్పిన యాజమాన్యాలు మాలో పలువురికి ఎదురయ్యాయి. కారణం అడిగితే "ఇన్‌ఫెక్షన్" అంటారు. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ మా వృత్తికి ప్రాణం. దాని గురించి మాకు పాఠం అక్కరలేదు. కాన్పు చేసేటప్పుడు మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. వేలాడే కొంగులు, పొడవాటి చేతులు ఉండకూడదు. ఇందులో మేము రాజీ కోరడం లేదు, కోరబోము. కానీ తలనూ మెడనూ బిగుతుగా కప్పి, రోజూ ఉతికిన గుడ్డ వల్ల రోగికి వచ్చే ప్రమాదం ఏమిటి? శస్త్రచికిత్స గదిలో ప్రతి ఒక్కరూ తల కప్పుకోవడమే నియమం కదా! బ్రిటన్ ఆరోగ్య శాఖ 2010లోనే మతపరమైన కారణాలతో ముంజేతులు కప్పుకోదలచిన సిబ్బంది వాడి పారేసే చేతి తొడుగులను ఉపయోగించవచ్చని మార్గదర్శకాల్లో చేర్చింది. 2023లో తిరువనంతపురం వైద్య కళాశాల విద్యార్థినులు శస్త్రచికిత్స గదిలో పొడవు చేతుల జాకెట్టు, తలను పూర్తిగా కప్పే హుడ్ అనుమతించమని వినతిపత్రం ఇస్తే, దేశమంతా దానినొక మత కల్లోలంగా చూసింది. పరిశుభ్రత నియమాలకు లోబడి పరిష్కారం అడిగిన పిల్లలు వారు. 2022లో కర్ణాటక తరగతి గదుల నుంచి హిజాబ్‌ను బయటికి పంపినప్పుడు చదువు ఆగిపోయిన బాలికల్లో ఎందరు రేపటి నర్సులు, వైద్యురాళ్లు ఉండేవారో! సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరు 13న భిన్నాభిప్రాయ తీర్పు ఇచ్చి ఆ ప్రశ్నను తేల్చకుండా వదిలింది. "మీ స్త్రీలు వెనుకబడ్డారు" అని ఒక నోటితో జాలి చూపి, ముందుకు వచ్చిన వారిని మరో నోటితో "గుడ్డ తీసి రండి" అనడం ఏ రకమైన అభ్యుదయం?

మూడో తాళం భాషది, దానితో పాటు చూపుది. నొప్పులతో వచ్చిన పాతబస్తీ స్త్రీ "జీ ఘబ్రారా" అంటుంది. ఆ రెండు మాటల్లో భయం ఉండవచ్చు, తీవ్ర రక్తహీనతతో గుండె అలసిపోవడం ఉండవచ్చు, లోపల రక్తస్రావం మొదలై ప్రాణం జారిపోతుండవచ్చు. ఆ మాట అర్థమైన నర్సు వెంటనే నాడి పట్టుకుంటుంది. అర్థం కాని చోట "అరవకు, పడుకో" అన్న జవాబు వస్తుంది. ఇక కేసు కాగితం మీద 'బేగం' అన్న పేరు చూడగానే "ఇది ఎన్నోది?" అని వెటకారంగా అడిగే నోళ్లు ప్రసవ గదుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వారికి ఒక లెక్క చెబుతాం. 1992–93 నాటి సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు ఉంటే, 2019–21 నాటికి అది 2.4కు తగ్గింది. సంతాన సగటు అన్ని మతాలలోకెల్లా ఎక్కువగా పడిపోయింది మన సముదాయంలోనే. నొప్పులు పడుతున్న స్త్రీని అవమానించడానికి వాడుకునే ఆ ప్రచారం అబద్ధం. నిజమే అయినా, నొప్పులు పడుతున్న స్త్రీని అవమానించే అధికారం ఎవరికీ లేదు.

నాలుగో తాళం ఈ వృత్తి మీదనే పడింది. 1947 నాటి నర్సింగ్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. పేరులో మిడ్‌వైఫరీ చేరింది, మంచిదే. కానీ 18 నెలలు శిక్షణ పొందిన నర్సుకు ప్రత్యేక హోదా, స్పష్టమైన అధికార పరిధి, తగిన జీతం లేకుండా ఆమెను మళ్లీ సాధారణ వార్డు డ్యూటీకి పంపితే ఆ శిక్షణకు అర్థమేమిటి? మందు రాసే అధికారం ఎంతవరకు, కాన్పు నిర్ణయం ఎవరిది అన్న విషయాలు గోడ మీద రాసిపెట్టినంత స్పష్టంగా ఉండాలి. లేకుంటే పొరపాటు జరిగినప్పుడు నింద నర్సుకు, మంచి జరిగినప్పుడు పేరు మరొకరికి అన్న పాత పద్ధతే సాగుతుంది.

మేము అడుగుతున్నది

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము అడిగేవి ఇవి. మైనారిటీ గురుకులాల్లో బైపీసీ చదివే బాలికలకు నర్సింగ్ ప్రవేశం దాకా నేరుగా దారి చూపాలి. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన వారికి మొదటి ఏడాది భాషా శిక్షణ ఇవ్వాలి. పాతబస్తీలో, కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్ వంటి ముస్లింలు అధికంగా ఉన్న పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో నడిచే విభాగాలు తెరవాలి. ఉర్దూ తెలిసిన నర్సులను అక్కడ నియమించాలి. పరిశుభ్రత నియమాలకు లోబడి తల కప్పుకునే హక్కును రాతపూర్వక ఉత్తర్వుతో గుర్తించాలి. ఏ ప్రైవేటు ఆసుపత్రి ఎన్ని కోతలు చేస్తోందో, ఎందుకు చేస్తోందో తనిఖీ చేసి ప్రజల ముందు ఉంచాలి. ప్రసవ సమయంలో తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ హక్కు ప్రతి ప్రసవ గదిలో అమలు కావాలి.

సముదాయ పెద్దలను అడిగేవి కూడా ఉన్నాయి. మస్జిద్ కమిటీలు జకాత్ నిధుల నుంచి పేద విద్యార్థినుల నర్సింగ్ చదువుకు సహాయం చేయాలి. వక్ఫ్ ఆస్తుల మీద మన హక్కు కోసం పోరాడుతున్నాం. ఆ భూముల్లో ఒక్కచోటనైనా బాలికల నర్సింగ్ కళాశాల, వసతి గృహం కట్టి చూపిద్దాం. జుమా ప్రసంగాల్లో రుఫైదా (రజి) పేరు వినిపించాలి. సంబంధాలు చూసేటప్పుడు "ఉద్యోగం మానేయాలి" అని షరతు పెట్టే అబ్బాయి తల్లికి, ఆమె సొంత కాన్పులో చేయి పట్టుకున్నది ఎవరో గుర్తుచేసే ధైర్యం మన బంధువులకు ఉండాలి.

చెల్లెళ్లారా, మీతో ఒక మాట. ఈ పని తేలికని మేము చెప్పం. కాళ్లు వాచిపోతాయి, నిద్ర కరువవుతుంది, తిట్లు పడతాయి. కానీ ఒక తల్లి కోత లేకుండా బిడ్డను కని, రెండు గంటల్లో లేచి నడిచి, తన భాషలో మీకు దుఆ ఇచ్చినప్పుడు, ఆ దుఆకు సాటివచ్చే జీతం ఏ కంపెనీ ఇవ్వలేదు. ధైర్యంగా దరఖాస్తు చేయండి. ఇంట్లో కాదంటే ఈ పత్రికను వారి చేతికి ఇవ్వండి.

మన స్త్రీల పక్కన స్త్రీలే ఉండాలన్నది మన కోరిక. ఆ స్త్రీలు ఆకాశం నుంచి దిగిరారు. ఎవరో ఒకరి ఇంటి గుమ్మం దాటి రావాలి. ఆ గుమ్మం మనదే ఎందుకు కాకూడదు?